టేపు గుర్తు మీద మనిషి

ఖాళీ స్టేడియంలో, వేదిక నడిమధ్యన ఒక్కడే నిలబడి, కప్పు కేసి మెడ ఎత్తి, గౌరినాయుడు జ్ఞాపకాలు వెతుక్కుంటున్నాడు.

"ఏటండీ, ఇంకా అవలేదా? ఏదో ఒకటి తల్చుకోండి బేగి! ఇక్కడ నా కాళ్లు వణికిపోతున్నాయి," అని పైనుంచి కేకేసింది ఇందుమతి.

ఇందుమతి అతని భార్య. కప్పు కింద ఇనుప దూలాల మధ్య వేసిన సన్నటి నడకబాట మీద బోర్లా పడుకుని, దూలానికి బిగించిన కెమెరాని ఒక చేత్తోనూ ఇనుప కమ్మీని ఒక చేత్తోనూ పట్టుకుని ఉంది. ఎత్తంటే ఆవిడకి చచ్చేంత భయం. ఇంట్లో పంకా తుడవడానికి స్టూలెక్కమన్నా ఎక్కదు. అయినా అంతెత్తుకి ఎక్కిందంటే ఆ కెమెరా కోసం కాదు, కెమెరా కటకం పక్కన అతికించి ఉన్న రూపాయి బిళ్లంత చిప్పు కోసం. దాన్ని తయారుచేసింది ఆవిడే. దానికి 'తలపు' అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

మర్నాడు విజయనగరం శివార్లలోని ఆ కొత్త ఇండోర్ స్టేడియంలో ఆడపిల్లల జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు. ఫోటోగ్రాఫర్లని వేదిక దరిదాపులకు రానివ్వరు. ఫ్లాష్ వెయ్యనివ్వరు. మణుగుల బరువు నెత్తిమీద పెట్టుకున్న పిల్ల కళ్లలో మెరుపు కొడితే పూచీ ఎవడిది? అందుకని కెమెరాలని ముందురోజే దూలాలకీ స్టాండ్లకీ బిగించేసి, ఎక్కడో గేలరీలో కూర్చుని పని కానివ్వాలి. బిగించడం ఎవడైనా బిగిస్తాడు. మీట ఎప్పుడు నొక్కాలన్నదే తంటా. దూరం నుంచి రేడియోతో నొక్కొచ్చు గానీ, వేలు కదిలేలోపు ముఖంలో ఉన్నది కాస్తా ముఖంలోంచి దిగిపోతుంది. ఈ గోడు గౌరినాయుడు ఏళ్ల తరబడి కంచం ముందు కూర్చున్నప్పుడల్లా వెళ్లబోసుకునేవాడు. విశాఖపట్నంలో ఒక చిన్న పరిశోధనాశాల నడిపే భార్య అన్నం వడ్డిస్తూ వినేది. విని విని చివరికి తలపును తయారుచేసి అతని చేతిలో పెట్టింది.

ఏదైనా సంగతి మనసులో గట్టిగా నాటుకుంటున్నప్పుడు మనిషి తలలో ఒక సన్నటి అల లేస్తుంది. తలపు ఆ అలని దూరం నుంచే పసిగట్టి, అదే క్షణంలో తనంతట తానే మీట నొక్కుకుంటుంది. ఒక్కమాటలో చెప్పాలంటే, మనిషి జీవితాంతం ఏ క్షణాన్ని గుర్తుపెట్టుకోబోతున్నాడో ఆ క్షణాన్నే ఫోటో తీస్తుంది. కిందటేడాది నుంచి గౌరినాయుడు పెద్దపెద్ద ఫంక్షన్ హాళ్లలో పెళ్లిళ్లకి అవే కెమెరాలు వాడుతున్నాడు. ఆ ఫోటోలు చూసి కళ్లనీళ్లు పెట్టుకోనివాళ్లు లేరు.

వంకలు లేకపోలేదు. ఒక ఫోటో తీశాక నాలుగైదు ఊపిరుల సేపు తలపు మొద్దునిద్ర పోతుంది, ఎదుట ఏం జరిగినా పలకదు. దీని గురించి గౌరినాయుడు ఇందుమతిని రోజూ సాధిస్తూనే ఉంటాడు. ఇంకోటి, కొత్త చోటికి తీసుకెళ్లినప్పుడల్లా దానికి ఆ చోటుని అలవాటు చెయ్యాలి. ఎక్కడ ఫోటో రావాలో అక్కడ నేలమీద తెల్ల టేపుతో గుర్తు వేసి, ఆ గుర్తు మీద ఒక మనిషి నిలబడి, తన బతుకులో గట్టి జ్ఞాపకం ఒకటి తల్చుకోవాలి. పైన 'క్లిక్' మంటే పని అయినట్టు. ఈ నిలబడే పని గౌరినాయుడు ఇంకొకరికి అప్పజెప్పడు. ఏ హాల్లోనైనా, ఏ కెమెరాకైనా టేపు గుర్తు మీద నిలబడేది అతనే.

ఇప్పుడూ నిలబడ్డాడు. పెళ్లయిన కొత్తలో ఇందుమతితో అరకు వెళ్లినప్పుడు ఏదో అయింది, దాన్ని తల్చుకుందామనుకున్నాడు. అలమరలోకి చెయ్యి పెడితే అర ఖాళీగా తగిలినట్టయింది. అరకు వెళ్లారని తెలుసు. అక్కడ ఏమైందో తెలీదు. ఇంకోటి వెతికాడు. అదీ లేదు.

గౌరినాయుడి తండ్రి చివరి రోజుల్లో సొంత వీధికి దారి మరిచిపోయాడు. తరవాత కొడుకు పేరు మరిచిపోయాడు. ఆ తరవాత అన్నం నోట్లో పెట్టుకుని, నమలాలన్న సంగతే మరిచిపోయి కూర్చునేవాడు. ఆ జబ్బు వంశంలో దిగుతుందేమోనన్న భయం గౌరినాయుడికి ఎప్పట్నుంచో ఉంది. ఈమధ్య అది రోజూ గొంతు దగ్గరే కూర్చుంటోంది. ఇందుమతికి చెప్పలేదు. చెప్తే నిజమైపోతుందని అతని భయం.

చివరికి కూతురు నీలవేణి కాకినాడలో రాష్ట్రస్థాయి పతకం గెలిచిన రోజు దొరికింది. తల్చుకున్నాడు. పైన క్లిక్ మంది.

"అబ్బా, వచ్చింది!" అని ఇందుమతి ఊపిరి పీల్చుకుంది. "ఆ రెండో గుర్తు మీద కూడా నిలబడీండి. అదయితే నేను దిగిపోతాను."

రెండో గుర్తు వేదిక మూల, కోచ్ కూర్చునే స్టూలు పక్కన. పిల్ల బరువెత్తుతున్నప్పుడు కోచ్ ముఖం కూడా అదే ఫోటోలో రావాలని గౌరినాయుడు పట్టుబట్టి వేయించుకున్న గుర్తు అది. అక్కడా నిలబడి ఇంకేదో తల్చుకున్నాడు. క్లిక్ మంది.

అప్పుడే వార్మప్ గదిలోంచి కోచ్ అప్పలస్వామి మాస్టారు వచ్చి స్టూలు మీద చతికిలబడ్డాడు. నీలవేణికి పదేళ్లప్పుడు చేతికి కర్రబార్ ఇచ్చి నిలబెట్టింది ఆయనే.

"నాయుడూ, కాకినాడ గుర్తున్నాదేటి? గుంట పతకం ఎత్తీగానే కెమెరా నాకాడ పడీసి, జనాల మధ్య కింద కూకుండిపోయి ఏడ్సినావు. పోలీసోడొచ్చి లేపినాడు నిన్ను. రేపు మాత్రం నేను లేపను, సెప్తన్నాను," అని గలగలా నవ్వాడు.

గౌరినాయుడు ఇందాకే తల్చుకున్న రోజు కోసం లోపలికి చూసుకున్నాడు. అక్కడేమీ లేదు. కాకినాడ లేదు, పోలీసాయన లేడు, పతకం లేదు.

"ఎందుకు గుర్తులేదు మాస్టారూ," అని తనూ నవ్వాడు.

సాయంత్రం ఇంట్లో నీలవేణి కొలుచుకున్నట్టు నాలుగు ముద్దలు తిని, కంచం పక్కకి తోసి, తండ్రి ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ ఇంట్లో ఒక అలవాటుంది. పోటీకి ముందురోజు సాయంత్రం తండ్రి ఆ పిల్లకి పొత్రం కథ చెప్పాలి. పసితనంలో నీలవేణి పెరట్లో రుబ్బురోలు పొత్రాన్ని ఎత్తిన కథ. ఎన్నోసారైనా సరే, మొదటినుంచి చివరిదాకా చెప్పాల్సిందే. చెప్పకపోతే బార్ చేతికి బరువుగా ఉంటుందంటుంది.

"ఊఁ, సెప్పు నాన్నా."

గౌరినాయుడు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. కిందటి నెల ఏదో పెళ్లికి, ఏదో హాల్లో, టేపు గుర్తు మీద నిలబడి దాన్నే తల్చుకున్నట్టు లీలగా అనిపించింది. గోడ మీద ఫోటో ఉంది కాబట్టి బతికిపోయాననుకున్నాడు. ఫోటోలో చింపిరి జుట్టు పిల్ల పొత్రాన్ని పొట్టకి ఆన్చుకుని ఎత్తి నిలబడింది.

"నువ్వు అప్పుడు చిన్నదానివి," అని మొదలుపెట్టాడు. "పెరట్లో ఉన్నావు. ఎండ ఎడంపక్క నుంచి పడుతోంది. పచ్చగౌను వేసుకున్నావు. నీ వెనకాల తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. పొత్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఎత్తావు. నేను ఫోటో తీశాను."

నీలవేణి గోడ మీది ఫోటో కేసి ఒకసారి చూసింది.

"నాన్నా, నువ్వు ఫోటో సెప్తున్నావు. కథ సెప్పట్లేదు."

"అదే కదమ్మా కథ."

"మరి వేలు? పొత్రం పడిన నీ కాలివేలు మాటేటి?"

గౌరినాయుడు వంగి తన కుడికాలి బొటనవేలు చూసుకున్నాడు. గోరు నడిమికి చీలి, వంకరగా ఉంది. ఎప్పట్నుంచి అలా ఉందో, ఎందుకుందో అతనికి తెలీలేదు. కూతురి కేసి చూశాడు. ఆ పిల్ల కళ్లలో భయం కనిపించింది. బరువు ముందు నిలబడినప్పుడు కూడా ఆ కళ్లలో అతనెప్పుడూ చూడని భయం.

"అలిసిపోయినట్టున్నావు. పోనీలే," అని లేచిపోయింది నీలవేణి.

వంటింటి గుమ్మంలో నిలబడి ఇందుమతి ఇదంతా చూసింది. ఏమైందని అడగబోయింది. అంతలో ఆవిడ ఫోన్ మోగింది. అవతల మాట్లాడుతున్నది కిందటి వైశాఖంలో గౌరినాయుడు ఫోటోలు తీసిన పెళ్లికూతురు. ఇందుమతి పెరట్లోకి వెళ్లి చాలాసేపు విన్నది. తిరిగి వచ్చేటప్పటికి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పొద్దున్నే నేను లేబ్‌కి వెళ్లాలి. నీలు బరువెత్తే వేళకి వచ్చీస్తాను," అన్నది. ఎందుకని గౌరినాయుడు అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ పూట ఎవరి భయం వాళ్లు దాచుకున్నారు.

మర్నాడు స్టేడియం కిక్కిరిసిపోయింది. గౌరినాయుడు పై గేలరీలో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. వేదికకి అటూ ఇటూ స్టాండ్ల మీద రెండు కెమెరాలు, నడినెత్తిన దూలం మీద ఒకటి. తలపు ఎప్పుడు నొక్కుకుంటే అప్పుడు ఫోటో వచ్చి తెర మీద పడుతోంది. మామూలు ఫోటోలా అవి! పళ్లు బిగబట్టిన ముఖాలు, గెలుపు ఇంకా తెలియని కళ్లు, తెలిసిన మరుక్షణం కళ్లు. పక్కన కూర్చున్న పత్రికల ఫోటోగ్రాఫర్లు మెడలు చాచి చూసి, నిట్టూర్చి, తమ కెమెరాల్లోకి తల దూర్చుకుంటున్నారు.

హర్యానా అమ్మాయి ఒకతె బరువు చక్కగా ఎత్తి, మెట్లు దిగి వచ్చి, తన కోచ్‌ని ఏదో అడిగింది. ఆయన పగలబడి నవ్వి పక్కవాళ్లకి చెప్పాడు. "నా పేరు ఎప్పుడు పిలుస్తారు?" అని అడిగిందట. అందరూ నవ్వారు. గౌరినాయుడికి నవ్వు రాలేదు.

తరవాత వచ్చిన పిల్ల ఒడియా అమ్మాయి. క్లీన్ అండ్ జెర్క్ అనే ఈ పద్ధతిలో బరువుని మొదట నేలమీంచి భుజాల మీదికి తెచ్చుకుని, ఊపిరి తీసుకుని, అక్కణ్నుంచి ఒక్క ఉదుటున నెత్తిమీదికి తొయ్యాలి. ఆ అమ్మాయి భుజాల మీదికి తెచ్చుకుంది. ఊపిరి తీసుకుంది. లాప్‌టాప్ మీద ఫోటో పడింది. అంతే, ఆ పిల్ల ముఖం తుడిచేసిన పలక అయిపోయింది. తనెక్కడుందో, గొంతు కింద ఆ ఇనుమేమిటో అర్థం కానట్టు అటూ ఇటూ చూసింది. చేతులు వదులైపోయాయి. బార్ జారి, పిల్ల వెనక్కి పడింది. ఇనుప ప్లేట్లు చెవి పక్కనుంచి దొర్లిపోయి దబ్బుమని నేలని గుద్దుకున్నాయి. హాలంతా ఒక్కసారి 'హా' అన్నది. జబ్బ చెక్కుకుపోయి నెత్తురు కారుతుంటే డాక్టర్లు పట్టుకుపోయారు.

గౌరినాయుడు తెర మీది ఫోటో కేసి చూశాడు. ఆ రోజు వచ్చిన ఫోటోలన్నిట్లోకీ అందమైనది అదే.

ఏదో అనుమానం. దానికింకా పేరు లేదు. కిందికి దిగి, బేటరీలు మార్చే వంకతో స్టాండ్ల మీది రెండు కెమెరాలనూ ఆపేశాడు. మూడోది మాత్రం చేతికందదు. పోటీ నడుస్తుండగా కప్పు కిందికి మనుషులెక్కకుండా నడకబాట తలుపుకి తాళం వేసేస్తారు. రేడియోతో ఆపుదామంటే కెమెరా ఏ రేడియోకీ పలకదు. ఒకసారి ఇంకెవరి మీటకో అతని కెమెరాలు పలికి అల్లరైంది కాబట్టి, పైనుంచి ఫోటోలు కిందికి రావడమే గానీ కిందినుంచి ఏ మాటా పైకి పోకుండా చెయ్యమని అతనే ఇందుమతి చేత కట్టుదిట్టం చేయించాడు.

మళ్లీ గేలరీకి వచ్చేటప్పటికి ఇందుమతి ఉంది. జుట్టు రేగిపోయి, చీర కొంగు నడుముకి దోపుకుని, ఆయాసపడుతూ ఉంది.

"ఆపీండి. అన్నీ ఆపీండి," అన్నది.

"ఏమైందే?"

"రాత్రి ఆ పెళ్లికూతురు ఏటన్నాదో తెలుసా? తాళి కట్టినప్పటి ఫోటో చూస్తే ఇంకెవరి పెళ్లో చూస్తున్నట్టున్నాదట. ఆ క్షణం ఆ పిల్లకి గుర్తులేదు. పొద్దున్న ఇంకో ముగ్గురికి ఫోన్ చేశాను. అందరిదీ అదే మాట. లేబ్‌లో నేనే తలపు ముందు నిలబడ్డాను. ముందుగా నా దగ్గర పనిచేసే సుగుణకి మా అమ్మ మాట ఒకటి చెప్పి, దాన్నే తల్చుకుంటానని చెప్పి నిలబడ్డాను. క్లిక్ మన్నాక సుగుణ ఆ మాట నాకు తిరిగి చెప్పింది. నాకది కొత్తగా ఉందండీ. ఎవరి అమ్మో అన్నట్టుంది."

గౌరినాయుడు కుర్చీ జరిపి ఇచ్చాడు, ఆవిడ కూర్చోలేదు.

"బావిలో నీళ్లున్నాయో లేవో చూద్దామని చేద వేశాననుకున్నాను. చేద వేస్తే నీళ్లు పైకి రావా? వచ్చిన నీళ్లు బావిలో ఉంటాయా? ఆ అలని వినాలంటే తలపు దాన్ని కాస్త లాగాలి. లాగింది లాగినట్టే పోతోంది. కొత్తగా నాటుకునేదీ పోతోంది, పాతది తల్చుకుంటే అదీ పోతోంది. లాగిన చోట మనిషికి రెండు మూడు క్షణాలు లోకం తెలీదు. మీరు..." అని అతని చొక్కా పట్టుకుంది. "మీరు ప్రతీ హాల్లోనూ నిలబడ్డారు. నేనే నిలబెట్టాను. బేగి తల్చుకోండి, బేగి తల్చుకోండి అని తొందర పెట్టాను."

అయితే ఇది నాన్న జబ్బు కాదన్నమాట. ఒక్క క్షణం గౌరినాయుడికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఒడియా పిల్ల ముఖం గుర్తొచ్చింది. భుజాల మీద బరువుతో, తుడిచేసిన పలకలా.

మైకు గరగరమంది. "నూట పద్దెనిమిది కిలోలు. ఆంధ్రప్రదేశ్. మజ్జి నీలవేణి. ఆఖరి ప్రయత్నం."

హాలు హోరెత్తింది. ఊరి పిల్ల మరి. కింద నీలవేణి రెండు చేతులకీ చాక్ పొడి పులుముకుని వేదిక మెట్లెక్కుతోంది. ముందు ఎత్తిన తేలిక బరువులకి తలపు పలకలేదు. ఇది ఎత్తితే బంగారం. పిల్ల తలలో ఆ అల ఎప్పుడు లేస్తుందో చెప్పడానికి శాస్త్రం చదవక్కర్లేదు. బార్ భుజాల మీదికొచ్చాక, నెత్తిమీదికి తోసే ముందు లేస్తుంది.

ఇద్దరూ పరుగెత్తారు. లాప్‌టాప్ తెరిచింది తెరిచినట్టే పట్టుకుని ఇందుమతి అధికారుల బల్ల కేసి, గౌరినాయుడు వేదిక కేసి. మెట్ల నిండా జనం. ఎవరి కాళ్లు తొక్కాడో, ఎవరు తిట్టారో తెలీదు. "నీలూ!" అని అరిచాడు. ఆ హోరులో తన గొంతు తనకే వినిపించలేదు. అధికారి ఒకాయన ఇందుమతికి చేత్తో కూర్చోమని సైగ చెయ్యడం కనిపించింది. అడ్డొచ్చిన వాలంటీర్‌ని పక్కకి నెట్టి గౌరినాయుడు వేదిక మూలకి చేరేటప్పటికి నీలవేణి బార్‌ని భుజాల మీదికి తెచ్చేసుకుంది.

గొంతు కింద నూట పద్దెనిమిది కిలోలు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. జనం ఊపిరి బిగబట్టారు. ఇప్పుడు కేకేస్తే వినిపిస్తుంది. కానీ కేకేస్తే అదిరిపడుతుంది. అదిరిపడితే బరువు మీద పడుతుంది. కేకెయ్యకపోతే కెమెరా తీసుకుంటుంది.

అప్పలస్వామి మాస్టారి స్టూలు పక్కన నేలమీద తెల్ల టేపు గుర్తు కనిపించింది.

రెండు గుర్తుల మీదున్నవాళ్లలో ఎవరి అల పెద్దదైతే తలపు వాళ్లనే తీస్తుంది. తీశాక నాలుగైదు ఊపిరుల సేపు మొద్దునిద్ర. పిల్లకి ఆ పాటి వ్యవధి చాలు.

గుర్తు మీద నిలబడ్డాడు. ఇన్ని హాళ్లలోనూ అతను ఒక్క జ్ఞాపకం జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. ఎందుకు దాచుకున్నాడో అతనికే తెలీదు. ఇప్పుడు దాన్నే తీశాడు. నీలవేణి పుట్టిన రోజు. కరెంటు పోయిన ఆసుపత్రి వసారాలో నర్సు గుడ్డలో చుట్టిన బిడ్డని తెచ్చి చేతుల్లో పెట్టింది. బిడ్డ ఏడవలేదు. గుప్పెట్లో అతని చొక్కా గుండీ పట్టుకుని వదల్లేదు. ఊరందరి ఫోటోలూ తీసే మనిషి ఆ రోజు ఫోటో తియ్యలేదు. రెండు చేతులూ బిడ్డతో నిండిపోయి ఉన్నాయి మరి.

అది చాలదేమోనని భయం వేసింది. పైన చప్పుడు లేదు. వేదిక మీద పిల్ల మోకాళ్లు వంచుతోంది. గౌరినాయుడు ఇక ఏదీ దాచుకోలేదు. జ్వరంతో కాలిపోతూ మెడకి చుట్టుకున్న చేతులు, బడి గేటు దగ్గర వెనక్కి తిరిగి చూడకుండా పోయిన పిల్ల, మాస్టారి షెడ్డులో అరచేతులు పొక్కులెక్కి కూడా ఏడవని పిల్ల, జుట్టు కత్తిరించుకొచ్చిందని మొన్న తను చేసిన రభస, నిన్న సాయంత్రం 'నువ్వు ఫోటో సెప్తున్నావు నాన్నా' అన్న మాట. ఒకటి లాగితే దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. పోతాయని తెలుసు. తెలిసే తల్చుకున్నాడు. పోయేముందు ఒక్కొక్కదాన్నీ కళ్లారా చూసుకున్నాడు.

పైన క్లిక్ మంది.

హాలు అదిరిపోయేలా అరుపులు వినిపించాయి. గౌరినాయుడు కళ్లు నులుముకున్నాడు. వేదిక మూల స్టూలు పక్కన నిలబడి ఉన్నాడు. ఇక్కడికెందుకొచ్చాడో తెలీలేదు. ఎదురుగా ఎవరో అమ్మాయి బరువు నెత్తిమీదికి ఎత్తి, రాయిలా కదలకుండా నిలబడింది. బరువు దించమని బజర్ మోగింది. బార్ కింద పడింది. మంచి లిఫ్ట్. గౌరినాయుడు కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. ఎవరి బిడ్డో గాని గట్టిపిండం అనుకున్నాడు.

ఆ అమ్మాయి వేదిక మీంచి దూకి తిన్నగా అతని మీదికే పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా!"

గౌరినాయుడు తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ఈలోగా అమ్మాయి వచ్చి వాటేసుకోనే వాటేసుకుంది. చాక్ పొడి చేతుల అచ్చులు రెండు అతని చొక్కా మీద తెల్లగా పడ్డాయి. అతను ఇబ్బందిగా, మర్యాదగా ఆ చేతులు విడిపించాడు.

"చాలా బాగా ఎత్తారమ్మా. మీవాళ్లు అటు పక్క ఉన్నారేమో చూడండి."

అమ్మాయి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. అప్పలస్వామి మాస్టారు స్టూలు మీంచి లేచి, "అదేటి నాయుడూ, పరాసికాలా?" అన్నాడు. అంతలో ఇందుమతి వచ్చింది. ఒక చేత్తో లాప్‌టాప్ తెరిచి పట్టుకునే ఉంది. తెర మీద ఇందాకటి ఫోటో ఉంది. ఆవిడ ఏడుస్తోంది.

గౌరినాయుడు ఫోటో కేసి చూశాడు. ఏ వేళైనా ముందు ఫోటో చూడటం అతని అలవాటు. పైనుంచి తీసిన ఫోటో. టేపు గుర్తు మీద నిలబడి ఒక మనిషి మెడ తిప్పి వేదిక కేసి చూస్తున్నాడు. ఆ మనిషి తనే. ఇన్నేళ్ల వృత్తిలో ఎన్ని ముఖాలు తీశాడో, ఇలాంటి ముఖం ఒక్కటీ తియ్యలేదు. ప్రాణమంతా కళ్లలోకి వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఇందూ, నేను ఎవర్ని చూస్తున్నాను?" అని అడిగాడు.

ఇందుమతి ఆ అమ్మాయి కేసి చూసింది.

"అమ్మా," అన్నది ఆ అమ్మాయి. "నాన్నకేటైంది? నన్ను పట్టుకుని అండీ అంటున్నాడేటి? నాన్నా, నేను..." ఇంకా ఏదో అనబోయింది. అతని కళ్లలోకి చూసింది. అక్కడ తను లేదని ఆ పిల్లకి తెలిసిపోయింది. అలా తెలిసిన ముఖాన్ని గౌరినాయుడు ఎదురుగా చూశాడు.

పైన క్లిక్ మంది. నిద్ర లేచిందది.

అమ్మాయి ముఖం తుడిచేసిన పలక అయిపోయింది. రెండు మూడు క్షణాలు అలా ఉండిపోయింది. తరవాత కళ్లు మిటకరించింది. ముఖం నిండా నవ్వు తిరిగొచ్చింది.

"నాన్నా! ఎత్తీసినాను! సూసినావా?"

చేతులు చాచి మళ్లీ మీదికి రాబోయి, అతని చొక్కా మీది తెల్ల అరచేతి అచ్చులు చూసి ఆగింది. తన చేతుల కేసి చూసుకుంది. మళ్లీ చొక్కా కేసి చూసింది. ఏదో అర్థం కాక, నవ్వు సగానికి తగ్గింది.

ఇందుమతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గౌరినాయుడికి అప్పుడు మొత్తం తెలిసింది. జ్ఞాపకంతో కాదు. ఫోటోలో తన ముఖం చూసి, ఎదుట ఈ ముఖం చూసి లెక్క కట్టుకున్నాడు. తను ఏం తీసి ఎవరి కోసం ఇచ్చాడో అర్థమైంది. తను నిజం చెప్తే ఈ పిల్ల గుండె మళ్లీ పగులుతుందనీ, పగిలినప్పుడల్లా పైనున్నది దాన్ని తీసుకుంటుందనీ, నిద్ర లేచినప్పుడల్లా ఇంకొంచెం తీసుకుంటుందనీ కూడా అర్థమైంది. కాళ్ల కింద తెల్ల టేపు ఉంది. ఇద్దరూ దాని మీదే నిలబడి ఉన్నారు.

"చూశాను తల్లీ," అన్నాడు. 'తల్లీ' అన్న మాట నోటికి కొత్తగా తగిలింది. "కళ్లారా చూశాను. పద, ముందు బయటికి పోదాం. ఇక్కడ ఒక్క క్షణం కూడా ఉండొద్దు."

"పతకం ఇస్తారు కద నాన్నా."

"ఇస్తారు. ఎక్కడికీ పోదు. నువ్వు పద."

చాక్ పొడితో గరుకుగా ఉన్న ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, టేపు గుర్తు దాటించి, పైనున్న కన్ను కిందినుంచి గబగబా నడిపించుకుపోయాడు. ఆ పిల్ల చిన్నప్పట్లాగే అతని చూపుడువేలు గుప్పెట్లో బిగించి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకోవడం అతనికి అదే మొదటిసారి.